రహదారిపై రౌతు

బాట పుట్టిననాటికి మోటారు లేదు. మనుష్యుల కాలినడకకును, పశువుల గిట్టలకును, బండిచక్రములకును లొంగి బాటలు క్రమముగా ఏర్పడినవి. నేలపై మనుష్యుడు వేల యేండ్లపాటు ఎఱిగిన మిక్కిలి వేగవంతమగు ప్రయాణము గుఱ్ఱపుస్వారియే. రాజుల వార్తలను కొనిపోయినది గుఱ్ఱము. రోగికడకు వైద్యుని చేర్చినది గుఱ్ఱము. ఉత్తరముల సంచిని మోసినది గుఱ్ఱము. నేడు ఆ స్థితి తాఱుమాఱైనది. ఒకప్పుడు తానే యేలిన బాటపై గుఱ్ఱము అతిథివలె నడువవలసి వచ్చినది. ఈ మార్పు ఎట్లు కలిగినది? దానివలన రౌతునకు వచ్చిన ఆపద యెట్టిది? ఆ యాపదనుండి కాపాడుకొనుటకు అతడు ఏయే సాధనములను ధరించుచున్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానములు బ్రిటన్ దేశమునందు స్పష్టముగా లభించును.

పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రముతో నడచు బండ్లు ఇంగ్లండు బాటలపైకి వచ్చినవి. వాని రొదకును, పొగకును, ఎగయు నిప్పురవ్వలకును గుఱ్ఱములు బెదరి పరుగెత్తజొచ్చెను. అందుచే 1865వ సంవత్సరమున బ్రిటిష్ పార్లమెంటు ఒక శాసనము చేసెను. దానినిబట్టి ఆవిరిబండి పల్లెబాటలపై గంటకు 4 మైళ్లకును, పట్టణములలో 2 మైళ్లకును మించిన వేగముతో పోరాదు. అది మనుష్యుని నడకతో సమానమగు వేగమే. అంతటితో ఆగక ఆ శాసనము మఱియొక నియమమును విధించెను. బండికి 60 గజముల ముందు, అనగా ఇంచుమించు 55 మీటర్ల దూరమున, ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. యంత్రము వచ్చుచున్నదని రౌతులను హెచ్చరించుట, అవసరమైనచో బండి నాపుమని సైగచేయుట, గుఱ్ఱములు దానిని దాటిపోవుటకు సాయపడుట అతని పని.

1878లో జెండా నియమము సడలినది. 1896లో తేలికబండ్లకు ముందు మనిషి నడువవలసిన పనియే లేకుండ పోయినది. అయినను గుఱ్ఱమునందలి దయ పూర్తిగా తొలగలేదు. బెదరుచున్న గుఱ్ఱము గలవాడు చేయి యెత్తి కోరినచో మోటారును నిలిపివేయవలెనని ఆ యేటి నియమములు ఆదేశించినవి. ఈ చరిత్రలో గమనింపదగినది ఒకటి కలదు. ఆ కాలమున హెచ్చరిక చేయవలసిన బాధ్యత యంత్రముపై నుండెను. ఎఱ్ఱజెండా యంత్రమునకు ముందు నడచెను గాని గుఱ్ఱమునకు ముందు నడువలేదు.

తరువాతి కాలమున మోటారులు వేలకు వేలుగా పెరిగినవి. ప్రయాణమునకు, సేద్యమునకు, సరకుల రవాణాకు గుఱ్ఱము అక్కఱలేనిదైనది. కాని బ్రిటన్ ప్రజలకు గుఱ్ఱముపై మమకారము తఱుగలేదు. నేటికిని అక్కడ అనేకులు గుఱ్ఱములను పెంచి, తీరికవేళలందు స్వారిచేయుచున్నారు. వారిలో స్త్రీలును, బాలికలును అధికము. పొలముల నడుమ, అడవుల అంచులందు రౌతులకు చట్టము అనుమతించిన ప్రత్యేకపు బాటలు కొన్ని కలవు. కాని ఇంగ్లండులో ప్రజలు నడచు హక్కుగల గ్రామీణ మార్గములలో రౌతులకు తెఱచియున్నవి అయిదవవంతుకు కొంచెము మించినవి మాత్రమే. అవియు ఒకదానితో నొకటి కలిసియుండవు. గుఱ్ఱపుశాలనుండి ఒక బాటకు, ఆ బాటనుండి వేఱొకదానికి పోవలెనన్నచో నడుమ మోటారురోడ్డెక్కక తప్పదు. ప్రక్కనున్న కాలిబాటపై గుఱ్ఱమును నడుపుటకు వీలులేదు. 1835 నాటి రహదారి శాసనము దానిని నిషేధించినది, ఆ నిషేధము నేటికిని అమలునందున్నది. కావున రౌతు రోడ్డుపై నుండుట ధిక్కారము కాదు, వేడుక కాదు. అది అతనికి చట్టమిచ్చిన హక్కు, విధిలేని అవసరమును.

ఇక గుఱ్ఱముయొక్క స్వభావమును తెలిసికొనవలెను. స్వారికి వాడు గుఱ్ఱము సామాన్యముగా 500 కిలోగ్రాముల బరువుండును. ఇంత పెద్దదయ్యును అది వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. కోఱలు, గోళ్లు, కొమ్ములు లేని ఆ ప్రాణికి ప్రకృతి యొసగిన ముఖ్యమైన రక్ష పరుగు. అందుకే దాని కన్నులు తలకు రెండు ప్రక్కల నమరియున్నవి. తల త్రిప్పకయే అది తన చుట్టును 350 డిగ్రీల వఱకు చూడగలదు. కాని సరిగా తోక వెనుకను, ముక్కునకు సమీపమున ఎదుటను కొంచెము చోటు దానికి కనబడదు. చెవులను ఎటు కావలెనన్న అటు త్రిప్పి ధ్వనిని పట్టుకొనును. వెనుకనుండి ఏదియో వేగముగా వచ్చుచున్నదని చెవి చెప్పినప్పుడు, అది యేమో కన్నునకు తెలియకముందే గుఱ్ఱము ప్రక్కకు దుముకవచ్చును. “రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్లతో నడచును” అని సామెత. కాని భయము పుట్టిన క్షణమున ఎంతటి గట్టి రౌతైనను, ఎంత బాగుగా శిక్షణ పొందిన గుఱ్ఱమైనను, ఆ సహజగుణమును పూర్తిగా అణచుట సాధ్యము కాదు. అది ప్రక్కకు దుముకుటకు ఒక్క క్షణము చాలును. ఆ దుమికిన చోట కారు ఉండకూడదు.

బ్రిటన్ పల్లెబాటలు అందమైనవే గాని అపాయకరమైనవి. అనేక తావులందు బాట సన్నముగా, మెలికలు తిరిగి, రెండు ప్రక్కలను ఎత్తైన పొదల కంచెలతో నిండియుండును. అట్టి బాటలలో పెక్కింటిపై కార్లకు గంటకు 60 మైళ్లవఱకు, అనగా సుమారు 96 కిలోమీటర్లవఱకు, అనుమతి కలదు. ఆ వేగమున పోవు కారు ఒక్క సెకండులో దాదాపు 27 మీటర్లు సాగిపోవును. నడకన పోవు గుఱ్ఱము గంటకు సుమారు 6 కిలోమీటర్లు మాత్రమే నడచును. ఆ దేశపు ప్రభుత్వము ప్రచురించిన ‘హైవే కోడ్’ అను రహదారి నియమావళి లెక్కనుబట్టి, గంటకు 60 మైళ్ల వేగమున పోవు కారును ఆపుటకు 73 మీటర్లు కావలెను. ప్రమాదము చూచి ఆలోచించునప్పటికే 18 మీటర్లు గడచిపోవును; బ్రేకు పడిన పిదప నిలుచుటకు మఱి 55 మీటర్లు పట్టును.

ఈ లెక్క యెంత ముఖ్యమైనదో ఒక చిన్న యూహవలన తెలియును. ముదురుగోధుమ వన్నె గుఱ్ఱముపై నల్లని కోటు ధరించిన రౌతు చెట్లనీడలో పోవుచున్నాడనుకొందము. ఆ వేగముతో వచ్చు కారు నడుపువాడు అతనిని 60 మీటర్ల దూరమున గుర్తించెనేని ఎంత నేర్పరియైనను కారు నాపలేడు. అదే రౌతును 200 మీటర్ల దూరమున గుర్తించినచో ఏడు సెకండులకు మించిన వ్యవధి కలదు. వేగము తగ్గించుటకు, అవసరమైనచో నిలుచుటకు అది చాలును. కావున రౌతు ప్రాణము, గుఱ్ఱము ప్రాణము, ఒక్కొక్కప్పుడు కారులోనివారి ప్రాణము ఆ కొన్ని సెకండులపై ఆధారపడియున్నవి. ఆ సెకండులను సంపాదించి యిచ్చునదే రౌతు ధరించు వెలుగుచొక్కా.

వెలుగుచొక్కాలో రెండు విధములైన పదార్థములుండును. చూపునకు రెండును మెఱయునవే యైనను వాని పనులు వేఱు. మొదటిది పగటివేళ పనిచేయునది. నిమ్మపండువంటి పసుపు, నిప్పువంటి నారింజ, ముదురు గులాబి వన్నెలతో కన్నులు చెదరునట్లుండు బట్ట యిది. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. ఆ బట్టకు పట్టించిన రంగు ఆ కిరణములను పీల్చుకొని, కంటికి కనబడు వెలుగుగా మార్చి విడుచును. ఈ గుణమునకు ప్రతిదీప్తి యని పేరు. అందుచేతనే ఆ బట్ట తనపై పడిన వెలుగుకంటె ఎక్కువ వెలుగును వెదజల్లుచున్నట్లు తోచును. మబ్బుపట్టిన దినములందును, సంధ్యవేళలందును ఇది మఱింత ప్రస్ఫుటముగా కనబడును. ఈ రంగులను 1930 ప్రాంతపు దశకమున అమెరికా దేశమున రాబర్ట్ స్విట్జర్, జోసెఫ్ స్విట్జర్ అను అన్నదమ్ములు రూపొందించిరి. 1964లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున రైలుపట్టాలపై పనిచేయువారికి నారింజవన్నె ప్రతిదీప్తి చొక్కాలను తొడిగి పరీక్షించిరి. వేగముగా వచ్చు రైలు నడుపువానికి కూలివాడు దూరమునుండి కనబడవలెనన్నదే వారి యుద్దేశము. రైలుకూలికి వచ్చిన రక్ష క్రమముగా రోడ్డుపనివారికి, పోలీసులకు, సైకిలువారికి, రౌతులకు అందినది.

చీకటి పడినచో ఈ రంగుబట్ట గొప్ప యంతయు ముగియును. కారుదీపములలో అతినీలలోహిత కిరణములు అత్యల్పము గనుక ప్రతిదీప్తికి ఆధారముండదు. అప్పుడు పనిచేయునది రెండవ పదార్థము. చొక్కాపై వెండివన్నెతో కనబడు పట్టీలు ఇవే. ఆ పట్టీలో ఇసుకరేణువులకంటె చిన్నవగు గాజుపూసలు లెక్కకు మిక్కిలిగా పొదుగబడియుండును. అద్దముపై పడిన కాంతి వేఱొక దిక్కునకు మరలిపోవును; గాజుపూసపై పడిన కాంతియో, లోపలికి వంగి, వెనుకభాగమున ప్రతిఫలించి, వచ్చిన దిక్కునకే తిరిగిపోవును. కారుదీపమునుండి వచ్చిన వెలుగు కారు నడుపువాని కన్నులకే చేరును. అందుచే అతనికి ఆ పట్టీ దీపమువలె వెలుగుచున్నట్లు కనబడును; ప్రక్కన నిలుచున్న వానికి మాత్రము అది బూడిదవన్నె గుడ్డయే. ఇంగ్లండులోని యార్క్‌షైరునందు పెర్సీ షా అనునతడు 1934లో రోడ్డు నడుమ పొదుగు గాజుకన్నులకు హక్కుపత్రము పొందెను. ‘పిల్లికన్నులు’ అను పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ సాధనము ఈ సూత్రముపైననే పనిచేయుచున్నది. మన యూళ్లలో ఎడ్లబండ్లకును, ట్రాక్టరు తొట్లకును వెనుక అతికించు ఎఱ్ఱపట్టీలును ఇట్టివే. జనులు వానిని ‘రేడియం స్టిక్కర్లు’ అందురు గాని వానిలో రేడియము అను ధాతువు లేనేలేదు. తనంతట వెలుగు గుణమును లేదు. ఎదుటివాని దీపమే వాని వెలుగు.

కనుక పగటికి రంగుబట్ట, రాత్రికి పట్టీ, రెండును కావలెను. రాత్రివేళను, మంచు కప్పినవేళను గుఱ్ఱముపై రోడ్డెక్కకుండుటయే మేలని హైవే కోడ్ చెప్పుచున్నది. తప్పనిసరియైనచో రౌతు ప్రతిఫలించు బట్టలు ధరింపవలెను. గుఱ్ఱము కాళ్లకు గిట్టపై కీళ్లకు ఎగువన ప్రతిఫలించు పట్టీలు కట్టవలెను. రౌతు కుడిచేతికో, కుడికాలికో ముందునకు తెల్లగాను వెనుకకు ఎఱ్ఱగాను వెలుగు దీపము నమర్చుకొనవలెను. బ్రిటనులోను మన దేశమునందువలెనే వాహనములు ఎడమప్రక్కను పోవును గనుక, దాటిపోవు కారు రౌతునకు కుడివైపునుండియే వచ్చును. దీపము కుడిప్రక్కనుండుటకు కారణమిదియే.

కాళ్లకు పట్టీలు కట్టుటలో లోతైన విషయము కలదు. 1973లో స్వీడన్ దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ ఒక ప్రయోగమును ప్రకటించెను. మనుష్యుని కీళ్లయొద్ద చిన్న వెలుగుచుక్కలు మాత్రము కనబడునట్లు చేసి, తక్కిన శరీరమును చీకటిలో నుంచి, అతని చలనమును చిత్రించి చూపెను. మనిషి కదలక నిలుచున్నప్పుడు అవి అర్థములేని చుక్కలే. అతడు అడుగువేయగానే చూచువారు అది నడచుచున్న మనుష్యుడని తత్‌క్షణమే కనుగొనిరి. ప్రాణి నడకను గుర్తించు శక్తి మన కంటికిని మనస్సునకును అంతగా అలవడియున్నది. చీకటిలో నాలుగు పట్టీలు గుఱ్ఱపునడక తీరున పైకి క్రిందికి కదలుచున్నప్పుడు, అక్కడ నున్నది స్తంభము కాదు, ప్రాణియని కారు నడుపువాడు త్వరగా గ్రహించును.

రంగును ఎన్నుకొనుటకును వివేకము కావలెను. వసంతమున ఇంగ్లండు పొలములు ఆవజాతి పైరు పూసి బంగారువన్నెతో నిండియుండును. ఆ పూలమధ్య పసుపుచొక్కా కలిసిపోవచ్చును; గులాబివన్నె నిలిచి కనబడును. ఆకురాలు కాలమున చెట్లన్నియు ఎఱ్ఱబాఱినప్పుడు నారింజవన్నెకంటె పసుపే మేలు. అందుచే అనుభవజ్ఞులు రెండు రంగులను కలిపి ధరింతురు. టోపిపై రంగుపట్టీ కట్టుటవలన వేఱొక లాభము కలదు. రౌతు తల ఎత్తుననుండును గనుక, మలుపు తిరుగకముందే అది కంచెపైనుండి కారువానికి కనబడును. ఈ వెలుగంతయు మనుష్యుల కొఱకే గాని గుఱ్ఱము కొఱకు కాదు. గుఱ్ఱము నీలమును పసుపును వేఱుపఱుపగలదు గాని ఎఱుపునకును పచ్చకును భేదమును చక్కగా గుర్తింపలేదు. కాని గాలికి ఎగురు క్రొత్తగుడ్డను చూచి అది బెదరవచ్చును. కావున తెలిసిన రౌతులు చొక్కాను ముందుగా శాలయొద్దనే గుఱ్ఱమునకు చూపి, వాసన చూడనిచ్చి, అలవాటుచేసి, తరువాతనే రోడ్డెక్కుదురు.

ఈ సాధనములకు మూలమైనది శిరస్త్రాణము. పదునాలుగేండ్లు నిండని బాలబాలికలు రోడ్డుపై స్వారిచేయునప్పుడు నియమానుసారమైన హెల్మెట్టు ధరించి తీరవలెనని 1990లో బ్రిటనులో ప్రత్యేకముగా శాసనము జరిగినది. పెద్దలకు అది నిర్బంధము కాకపోయినను, హెల్మెట్టు ధరింపుమనియే హైవే కోడ్ హితవు చెప్పుచున్నది. ఆ హెల్మెట్టుపైననే ఇటీవలి కాలమున మఱియొక సాధనము వచ్చి చేరినది. అది అరచేతిలో నిముడు చిన్న కెమేరా.

చొక్కా ప్రమాదము జరుగకముందు పనిచేయును. కెమేరా జరిగిన పిదప పనిచేయును. పల్లెబాటపై ఒక కారు రౌతును రాసుకొనునంత దగ్గఱగా పోయినదనుకొందము. గుఱ్ఱము బెదరి కందకములోనికి దిగినది. కారు ఆగలేదు. సాక్షులు లేరు. పూర్వమైనచో రౌతు మాటయొకటి, కారువాని మాటయొకటి. న్యాయాధిపతికి నిజము తెలియు మార్గము లేదు. పగ్గములను రెండుచేతులతో పట్టుకొని గుఱ్ఱమును సముదాయించు రౌతు కారు సంఖ్యను చూచి గుర్తుంచుకొనుట దుర్ఘటము. కెమేరా మాత్రము భయపడదు, మఱచిపోదు. కారు సంఖ్య, రంగు, సమయము, రోడ్డుతీరు, రౌతు చేసిన సైగ, పలికిన మాట, అన్నియు మెమరీ కార్డుపై నిలిచియుండును.

2016లో ఉత్తర వేల్సు పోలీసులు ప్రజలు తీసిన ఇట్టి చిత్రములను స్వీకరించి విచారణ జరుపుటకు ‘ఆపరేషన్ స్నాప్’ అను పద్ధతి నారంభించిరి. తరువాత ఇతర ప్రాంతముల పోలీసులు అనేకులు దాని ననుసరించిరి. చిత్రమును కత్తిరింపక యథాతథముగా పంపవలెను; సంఘటనకు ముందును వెనుకను జరిగినదికూడ అందుండవలెను; పంపినవారు వాఙ్మూలమిచ్చి, అవసరమైనచో న్యాయస్థానమునకు వచ్చుటకు సిద్ధపడవలెను. అజాగ్రత్తగా నడుపుటవంటి నేరములకు, సంఘటన జరిగిన 14 దినములలోపల వాహనపు యజమానికి అభియోగపు ముందస్తు తాఖీదు అందవలెనని సామాన్య నియమము. కావున ఆలస్యము చేయుట తగదు. చిత్రమును లోకమంతటికి చూపి కారువానిని దూషించుటయు తగదు. అందువలన విచారణ చెడవచ్చును.

కెమేరాకును పరిమితులు కలవు. దాని కటకము విశాలదృశ్యమును పట్టునది గనుక, చిత్రములో వస్తువులు ఉన్నదానికంటె దూరముగా తోచును. రౌతు మోకాలికి మూరెడు దూరమున పోయిన కారు, చిత్రములో బారెడు దూరమున పోయినట్లుండవచ్చును. తలపైనున్న కెమేరా తల తిరిగిన దిక్కునే చూచును; వెనుకనుండి వచ్చునది దానికి కనబడదు. గట్టివస్తువును హెల్మెట్టుపై బిగించినచో, పడినప్పుడు ఆ వస్తువు నేలకు తగిలి దెబ్బను ఒకేచోట కేంద్రీకరింపజేయునేమో యను సందేహమును కలదు. అందుచే కొందఱు దానిని ఱొమ్ముపై పట్టీకి కట్టుకొందురు. మఱియు కెమేరా పక్షపాతము లేనిది. కారువాని తప్పును చూపినట్లే, సైగచేయక మలుపు తిరిగిన రౌతు తప్పునుకూడ అది చూపును. దానిని ధరించినవాడు తానును నియమమును పాటింపక తప్పదు. ఎడమప్రక్కను నడచుట, ఇద్దఱికి మించి ప్రక్కప్రక్కన పోకుండుట, ఇఱుకుబాటలందును మలుపులందును ఒకరి వెనుక నొకరు పోవుట, జీనును కళ్లెమును ముందుగా పరీక్షించుకొనుట రౌతు ధర్మములు.

ఇన్ని సాధనములుండగా ఆపద పూర్తిగా తొలగినదా? తొలగలేదు. 1947లో స్థాపింపబడిన బ్రిటిష్ హార్స్ సొసైటీ అను సంస్థ ఇట్టి సంఘటనల వివరములను సేకరించుచున్నది. 2022వ సంవత్సరమునందు ఆ సంస్థకు మూడువేలకు మించిన సంఘటనలు తెలియవచ్చినవి, అరువదికి మించి గుఱ్ఱములు ప్రాణములు కోల్పోయినవి, రౌతులును గాయపడిరి. సంఘటనలలో పెక్కింటికి కారణము వాహనములు మిక్కిలి దగ్గఱగా దాటిపోవుట. ఇది ఆలోచింపదగిన విషయము. దగ్గఱగా దాటిపోయినవాడు రౌతును చూడనివాడు కాడు. చూచియు ఓపిక పట్టనివాడు. ఎంత మెఱయు చొక్కాయైనను చూడనివానికి చూపు నీయగలదు గాని, చూచినవానికి ఓర్పు నీయలేదు. మఱికొందఱు రోడ్డుపై కార్లకొఱకే వెదకు అలవాటువలన, ఎదుటనున్న గుఱ్ఱమును చూచియు గ్రహింపరు. కన్ను చూచినను మనస్సు చూడకున్నచో ఫలమేమి?

అందుచే ఆ సంస్థ 2016లో కారు నడుపువారికి ఒక ప్రచారము నారంభించెను. గుఱ్ఱము కనబడగానే వేగమును బాగుగా తగ్గింపవలెను. హారను మ్రోగింపరాదు, ఇంజనును రొద చేయింపరాదు. విశాలమైన చోటు విడిచి దాటవలెను. దాటిన పిదపకూడ మెల్లగా సాగిపోవలెను. ఇవి దాని నాలుగు సూత్రములు. 2022 జనవరిలో హైవే కోడ్ సవరింపబడినప్పుడు, గుఱ్ఱమును దాటునప్పుడు గంటకు 10 మైళ్లలోపు, అనగా సుమారు 16 కిలోమీటర్లలోపు వేగముండవలెననియు, కనీసము 2 మీటర్ల ఎడముండవలెననియు అంకెలతో నిర్ణయించిరి. ఆ సవరణలోనే మఱియొక గొప్ప సూత్రమును చేర్చిరి: రోడ్డుపై ఇతరులకు ఎక్కువ హాని చేయగల శక్తి యెవరికున్నదో, ఆ హానిని తప్పించు బాధ్యతయు వారికే యెక్కువ. లారీవానికి కారువానిపై, కారువానికి రౌతుపై, రౌతునకు కాలినడకవానిపై అట్టి బాధ్యత కలదు. రౌతు ఆగుమని సైగచేసినచో ఆగవలెననియు ఆ నియమావళి చెప్పుచున్నది. 1896 నాటి మాటయే ఇది. మఱియు 1988 నాటి రోడ్డు శాసనమునుబట్టి, ప్రమాదమున ఇతరుల గుఱ్ఱము గాని, ఆవు గాని, గాడిద గాని, కంచరగాడిద గాని, గొఱ్ఱె గాని, పంది గాని, మేక గాని, కుక్క గాని గాయపడినచో కారు నడుపువాడు ఆగితీరవలెను. నోరులేని ప్రాణిని కొట్టి పాఱిపోవుట ఆ దేశమున నేరము.

ఈ విధముగా, యంత్రము చేతిలోని ఎఱ్ఱజెండా దిగిపోయినది. గుఱ్ఱముపై వెలుగుచొక్కా ఎక్కినది. కనబడవలసిన భారము బలహీనునిపై పడినది. ఆ భారమును రౌతులు సంతోషముగనే మోయుచున్నారు, మోయుట వివేకమును. కాని దానివలన బలవంతుని భారము తీఱిపోలేదు. చొక్కా కారువానికి కొన్ని సెకండులను మాత్రమే యిచ్చును. ఆ సెకండులలో బ్రేకుపై కాలు మోపవలసినవాడు అతడే. కెమేరా జరిగిన నిజమును చెప్పును, జరుగకుండ ఆపలేదు.

ఇది గుఱ్ఱములకు మాత్రమే చెందిన నీతి కాదు. సంధ్యవేళ గడ్డిమోపుతో బాటప్రక్క నడచు కూలికిని, వెనుక ఎఱ్ఱపట్టీ అతికించుకొని సాగు ఎడ్లబండికిని, సైకిలుపై బడినుండి యింటికి పోవు బాలునికిని ఇదియే వర్తించును. వారు కనబడునట్లు జాగ్రత్తపడవలెను; చూచినవాడు వేగము తగ్గింపవలెను. బాట అందఱిది. దానిపై వేగముగా పోవువానికంటె మెల్లగా పోవువాని హక్కు ఇసుమంతయు తక్కువ కాదు.